సొరచేపంటే భయపడాల్నా? కర్నూలు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు నుంచి ఏ వైపు పోయినా రోడ్డు మీద సముద్రం రెండు వందల యాభై కిలోమీటర్లకు తక్కువ లేదు. అయినా సెలవుల్లో సూర్యలంకకో, మైపాడుకో, విశాఖకో బండి మాట్లాడుకున్నారంటే చాలు, ఇంట్లో మొదట లేచేది సొరచేప సంగతే. నేను జువాలజీ చెప్పేదాన్ని కాబట్టి పిల్లలూ, వాళ్ళ అమ్మానాన్నలూ అవే ప్రశ్నలు తిప్పి తిప్పి నన్నే అడుగుతుంటారు. వాళ్ళు అడిగిన తీరులోనే ఇక్కడ పెట్టాను.

మేడమ్, సుత్తి లేకుండా చెప్పండి. సొరచేప మనిషికి ప్రమాదమా, కాదా?

కొన్ని సొరలు ప్రమాదమే. అన్నీ కాదు. ప్రపంచంలో 500కు పైగా జాతుల సొరలున్నాయి. వాటిలో జానెడు పొడవుండే లాంతరు సొర దగ్గర్నుంచి లారీ కంటే పొడుగుండే తిమింగల సొర దాకా రకరకాలు. మనిషి ప్రాణం తీసినట్టు ఎక్కువగా నమోదైనవి మాత్రం మూడే: తెల్ల సొర, పులి సొర, బుల్ షార్క్. ఈ మూడింటినీ తేలిగ్గా తీసుకోవడానికి లేదు. మిగతావాటిలో చాలా భాగానికి మన కాలు కొరికేంత నోరే ఉండదు.

కాబట్టి "సొర ఏమీ చెయ్యదు, పాపం అమాయక జీవి" అని చెప్పేవాళ్ళ మాటా పూర్తిగా నమ్మొద్దు, "నీళ్ళలో కాలు పెడితే లాక్కుపోతుంది" అనేవాళ్ళ మాటా నమ్మొద్దు.

ఏడాదికి ఎంతమందిని కరుస్తాయి? లెక్క ఎవరైనా రాస్తారా?

రాస్తారు. అమెరికాలో ఫ్లోరిడా మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ వాళ్ళు ప్రపంచం మొత్తం మీద సొర కాట్ల వివరాలు సేకరించి ఏటా ప్రకటిస్తారు. వాళ్ళు కాట్లను రెండు రకాలుగా విడదీస్తారు. మనిషి తన మానాన తాను ఈదుతుంటే వచ్చి కరిచింది ఒక రకం. మనిషే దాన్ని పట్టుకోబోయో, మేత పెట్టబోయో, వలలోంచి తీయబోయో కరిపించుకున్నది రెండో రకం. మొదటి రకం కాట్లు 2023లో 69, 2024లో 47. వాటిలో చనిపోయినవాళ్ళు 2023లో 10 మంది, 2024లో 4గురు. ఇది ఏ ఒక్క దేశం లెక్కో కాదు, మొత్తం భూగోళానిది.

దీని పక్కన పాము కాటు లెక్క పెట్టి చూడండి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాము కాటుతో చనిపోయినవాళ్ళు ఏటా సగటున 58 వేల మంది ఉంటారని పరిశోధకులు అంచనా వేశారు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. రాత్రిపూట చేలో నీళ్ళు కట్టడానికి టార్చి లేకుండా, ఉత్త కాళ్ళతో పోయే మనిషి సొరకు భయపడుతున్నానంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఒక మెలిక ఉంది, అదీ చెప్పాలి. మనలో సముద్రంలోకి దిగేవాళ్ళే తక్కువ, చేలోకి పోయేవాళ్ళు కోట్ల మంది. కాబట్టి రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి "సొర కంటే పాము ఇన్ని రెట్లు ప్రమాదం" అనడం సరైన గణితం కాదు. రోజూ సముద్రంలో దిగే దేశాల్లో కూడా సొర చావులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతే ఉన్నాయన్నదే ఇక్కడ గట్టి మాట.

మరి అది మనిషిని తినేదానికే వస్తాదా?

తినడానికే వస్తే చాలామంది బతికి బయటపడేవాళ్ళు కాదు. ఎక్కువ కేసుల్లో సొర ఒకసారి కొరికి, వదిలేసి పోతుంది. ఎందుకని అడిగితే శాస్త్రవేత్తలు రెండు మూడు కారణాలు చెబుతారు. ఒకటి, పొరపాటు. 2021లో ఆస్ట్రేలియాలోని మాక్వారీ యూనివర్సిటీ వాళ్ళు ఒక అధ్యయనం చేశారు. వయసులో చిన్నదైన తెల్ల సొర నీటి అడుగు నుంచి పైకి చూస్తే, అలల మీద ఆడే సర్ఫింగ్ బోర్డు మీద బోర్లా పడుకుని చేతులాడించే మనిషి, సీల్ (తెల్ల సొర వేటాడి తినే సముద్రపు జంతువు) దాని కంటికి ఇంచుమించు ఒకేలా ఉంటాయని తేల్చారు. సొరల్లో చాలావాటికి రంగులు తెలియవు, ఆకారమే ఆధారం.

రెండోది, పరీక్ష. మనకు చేతులున్నాయి, కొత్త వస్తువు కనపడితే తడిమి చూస్తాం. సొరకు ఉన్నది నోరొక్కటే. తినదగిందా కాదా అని కొరికి చూస్తుంది. నాకు ఈ రెండో కారణమే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే సొరలు తేలే చెక్కముక్కల్నీ, సముద్రంలో గుర్తుకు కట్టే తేలుడు బుడ్డల్నీ కూడా కొరుకుతాయి. వాటిని చూసి సీల్ అనుకున్నాయనలేం కదా. అయితే తెల్ల సొర "ఊరికే కొరికి చూడటం" అంటే మనిషికి తొడలో రక్తనాళం తెగడం. చావులు వచ్చేది ఎక్కువగా ఆ రక్తం పోవడం వల్లనే.

నిజంగా తిన్న సంఘటనలూ ఉన్నాయి. 1945 జులై 30న అమెరికా యుద్ధనౌక ఇండియానాపొలిస్‌ను జపాన్ సబ్‌మెరైన్ ముంచేసింది. వందల మంది నావికులు నాలుగు రోజులకు పైగా నడిసముద్రంలో తేలుతూ ఉండిపోయారు. చివరికి బతికింది 316 మంది. ఉప్పునీళ్ళు తాగి, ఎండకు సొమ్మసిల్లి పోయినవాళ్ళే ఎక్కువ, కానీ సొరలకు బలైనవాళ్ళూ ఉన్నారు. అది మామూలు ఈతగాడికి వచ్చే పరిస్థితి కాదు.

ఒక్క రక్తపు చుక్క పడితే మైళ్ళ దూరం నుంచి పసిగడుతాదంట?

ఇది వాట్సాప్ సైన్సు. సొర ముక్కు చురుకైనదే, కానీ మిగతా చేపల ముక్కు కంటే అది మరీ అద్భుతమేమీ కాదని కొలిచి చూసినవాళ్ళు చెబుతున్నారు. వాసన అంటే నీళ్ళలో కలిసిన పదార్థం. ఆ నీళ్ళు ప్రవాహంతో కదిలి సొర ముక్కు దాకా పోవాలి. చుక్క రక్తం మైలు దూరం పోయేసరికి సముద్రంలో ఏం మిగులుతుంది?

దానికున్న అసలు విద్య వేరే. మూతి మీద సన్నటి రంధ్రాలు చుక్కలు చుక్కలుగా ఉంటాయి, లోపల జెల్లీ లాంటి పదార్థం. ఇసుకలో దాక్కున్న చేప కండరాల్లోంచి వచ్చే అతి చిన్న విద్యుత్తును కూడా వాటితో పసిగట్టగలదు. కాకపోతే ఇది బాగా దగ్గరికి వచ్చాకే పనిచేస్తుంది.

మేడమ్, ఆడపిల్లలం అడగలేక అడుగుతాండాం. పీరియడ్స్‌లో సముద్రంలో దిగొచ్చా?

దిగొచ్చు. దాని వల్ల సొర కాట్లు పెరుగుతాయని చెప్పే ఆధారం ఎక్కడా లేదు. ఇది అడగడానికి సిగ్గుపడాల్సిన పనీ లేదు. దిగాలా వద్దా అన్నది మీ ఒంటికి బాగుందా లేదా అన్నదాన్ని బట్టి మీరు చూసుకునేది, సొరకు దాంతో సంబంధం లేదు.

నదుల్లోకి కూడా వస్తాయని యూట్యూబ్‌లో చూసినాం. తుంగభద్రలోకి వస్తాదా?

యూట్యూబ్ చెప్పింది ఈసారి నిజమే. బుల్ షార్క్ ఉప్పునీళ్ళలోనూ, మంచినీళ్ళలోనూ బతకగలదు. ఆఫ్రికాలో జాంబెజి నదిలో, మధ్య అమెరికాలో నికరాగువా సరస్సులో దాన్ని చూశారు. 1937లో మిసిసిపి నదిలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఆల్టన్ దాకా ఎదురెక్కి వచ్చింది. మన దేశంలో గంగలో ఉండే గంగా సొర వేరే జాతి, అది అంతరించే దశలో ఉంది.

కర్నూలుకు రావాలంటే మాత్రం దానికి కష్టమే. హంసలదీవి దగ్గర కృష్ణలోకి దూరి, విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దాటి, పులిచింతల దాటి, 124 మీటర్ల నాగార్జునసాగర్ ఎక్కి, ఆపైన 145 మీటర్ల శ్రీశైలం డ్యామ్ ఎక్కి, సంగమేశ్వరం దగ్గర తుంగభద్ర వైపు తిరగాలి. 2009 అక్టోబరులో ఊరు ఊరంతా మునిగి, ఇళ్ళలోకి ఏమేమో కొట్టుకొచ్చినప్పుడు కూడా సొర రాలేదు.

మన నీళ్ళలో జాగ్రత్త పడాల్సిన జంతువు మొసలి. శ్రీశైలం జలాశయంలోనూ, కృష్ణా తుంగభద్రల్లోనూ మొసళ్ళున్నాయి. బండల మీద మొసలి ఎండ కాగుతూ కనపడితే ఆ రేవులో దిగొద్దు, బట్టలుతకొద్దు. ఫోన్ తీసి దగ్గరికి పోవడం అంతకంటే వద్దు.

మన ఆంధ్రా తీరంలో సొరలు ఉండాయా? ఎవరినైనా కరిచినాయా?

ఉన్నాయి. విశాఖ చేపల రేవులో పొద్దున్నే వేలం జరిగేటప్పుడు చూస్తే బుట్టల్లో సొరలు కనపడతాయి. ఎక్కువగా మూర పొడవుండే చిన్న రకాలే. బూడిద రంగు వీపు, తెల్లటి పొట్ట, తలకు అటొక ఐదు ఇటొక ఐదు మొప్పల చీలికలు. తల నుంచి తోక వైపు చెయ్యి రాస్తే నున్నగా జారుతుంది, తోక నుంచి తల వైపు రాస్తే శాండ్ పేపర్ లాగా గీరుకుంటుంది. దాని చర్మం మీద ఉండేవి మామూలు పొలుసులు కావు, సన్నటి పళ్ళ లాంటివి.

పులి సొర, బుల్ షార్క్ బంగాళాఖాతంలో ఉన్నాయి. తెల్ల సొరకు చల్లటి నీళ్ళు కావాలి, మన తీరం దాని ఇలాకా కాదు. బీచ్‌లో స్నానం చేసేవాళ్ళను సొర కరవడం మన దేశంలో చాలా అరుదు. జరిగినవి ఎక్కువగా వేటకు పోయే మత్స్యకారులకు. 2024 ఫిబ్రవరిలో మహారాష్ట్ర పాల్‌ఘర్ జిల్లాలో వైతరణ నది ఉప్పుటేరులో ఒక యువకుడి కాలిని సొర తీవ్రంగా కొరికింది. చూశారా, అది కూడా నడిసముద్రంలో కాదు, బురద నీళ్ళ ఏటిలో. నది సముద్రంలో కలిసే చోట, బురద నీళ్ళలో దిగొద్దని చెప్పేది అందుకే.

పిల్లల్ని సూర్యలంకకు తీసకపోతాండాం. సొర కాకపోతే ఇంక దేనికి భయపడాల?

నీళ్ళకు. ఈ ప్రశ్న ఒక్కటి అందరూ అడిగితే బాగుండును.

మన దేశంలో ఏటా సుమారు 38 వేల మంది నీళ్ళలో మునిగి చనిపోతున్నారు. బీచ్‌లో ముంచేది చాలాసార్లు రిప్ కరెంట్. అలలు తెచ్చి ఒడ్డున పోసిన నీళ్ళు ఎక్కడో ఒక చోట నుంచి వెనక్కి పోవాలి కదా. అవి ఒక సందు చేసుకుని, వాగు లాగా లోపలికి ఉరుకుతాయి. ఆ సందులో అలలు విరగవు, నురగ ఉండదు, నీళ్ళు కాస్త ముదురు రంగులో ప్రశాంతంగా కనపడతాయి. సముద్రం అలవాటు లేని మనలాంటోళ్ళు "ఇక్కడ అలలు తక్కువున్నాయి, పిల్లల్ని ఇక్కడే దించుదాం" అని సరిగ్గా అక్కడే దిగుతారు.

లాగేస్తున్నట్టు అనిపిస్తే ఒడ్డు వైపు ఎదురీదొద్దు. ఎంత గట్టి ఈతగాడైనా దానికి ఎదురు నిలవలేడు, చేతులు పడిపోతాయి. వెల్లకిలా తేలండి, చెయ్యి పైకెత్తి అరవండి. శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి. ఆ సందు వెడల్పు తక్కువే, దాటాక అలలే మిమ్మల్ని ఒడ్డుకు తోస్తాయి. ఒడ్డున ఉన్నవాళ్ళు గొలుసు లాగా చేతులు పట్టుకుని లోపలికి పోవద్దు. ఒకరి కోసం నలుగురు పోయిన వార్తలు మనం పేపర్లో చదివినవే. తాడో, గాలి నింపిన ట్యూబో, ఖాళీ క్యానో విసరండి.

ఇంకో రెండు మాటలు. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంటే మోకాలి లోతులో కూడా లేవడం కష్టం, అందుకే అత్తమ్మలు, అవ్వలు ఒడ్డునే అల తాకే చోట కూర్చుంటే మేలు. సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ దిగొద్దు.

అసలు సముద్రం దాకా ఎందుకు, మన కేసీ కాలువ చూడండి. సుంకేశుల నుంచి కడప దాకా పోయే ఆ కాలువలో ఎండాకాలం పిల్లలు దూకుతారు. పైన నీళ్ళు నిదానంగా కదులుతున్నట్టే ఉంటాయి. సిమెంటు వేసిన చోట గట్టు ఏటవాలుగా ఉంటుంది, నీటి మట్టం దగ్గర పచ్చగా పాచి. దిగడం తేలిక, ఎక్కడానికి పట్టు దొరకదు. గోళ్ళతో గీకినా జారిపోతారు. నీళ్ళు వదిలిన రోజుల్లో పిల్లల్ని గట్టు మీదికి కూడా పోనీయకండి. ఈత నేర్పించాలంటే స్విమ్మింగ్ పూల్‌లో నేర్పించండి.

టేకు చేప, జెల్లీ చేప సంగతేంది?

సొర కంటే ఇవి ఎదురయ్యే అవకాశం ఎక్కువ. టేకు చేప ఇసుకలో కప్పుకుని పడుకుంటుంది, తొక్కితే తోక ముల్లుతో పొడుస్తుంది. కాళ్ళు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడిస్తే అదే తప్పుకుంటుంది. పొడిస్తే, చర్మం కాలని వేడి నీళ్ళలో కాలు ముంచి ఉంచండి, నొప్పి తగ్గుతుంది. ఆ తర్వాత ఆసుపత్రికి పోవాల్సిందే. జెల్లీ చేప తగిలితే రుద్దొద్దు, సముద్రపు నీళ్ళతోనే కడగండి.

మావాడు ఆస్ట్రేలియాలో ఉండాడు. ప్రతి ఆదివారం బీచ్‌కు పోతాడంట. నిద్ర పట్టడం లేదు.

మీ భయం అర్థమవుతుంది, సొర చావులు ఎక్కువగా వినపడే దేశాల్లో అదొకటి. 2023లో అక్కడ రెచ్చగొట్టకుండా కరిచినవి 15, అందులో 4 ప్రాణాలు పోయాయి. 2023 జులై నుంచి 2024 జూన్ దాకా అదే దేశంలో నీళ్ళలో మునిగి పోయినవాళ్ళు 323 మంది. మీవాడికి ఫోన్ చేసి సొర సంగతి కాదు, "ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగుతున్నావా నాయనా?" అని అడగండి. ఆ జెండాల మధ్య లైఫ్‌గార్డులు కన్నేసి ఉంటారు. పొద్దు పొడిచేటప్పుడు, పొద్దు గూకేటప్పుడు దిగొద్దని, చేపలు పట్టే చోట, సీల్స్ ఉండే చోట ఈదొద్దని, ఒంటరిగా లోపలికి పోవద్దని చెప్పండి. మెరిసే గొలుసులు, బ్రేస్‌లెట్లు తీసేయమనండి, అవి చేప పొలుసు లాగా తళుక్కుమంటాయి.

ఖర్మ కాలి నిజంగానే ఎదురైతే?

దాని వైపు తిరిగి, చూపు తిప్పకుండా, నీళ్ళు చిందించకుండా మెల్లగా ఒడ్డుకో పడవకో వెనక్కి జరగండి. పట్టుకుంటే చచ్చినట్టు పడుండటం పనికిరాదు. కళ్ళ మీద, మొప్పల మీద చేతికందినదాంతో కొట్టండి. బయటికి వచ్చాక రక్తం ఆపడమే మొదటి పని. గుడ్డ పెట్టి బలంగా అదిమి పట్టండి. చెయ్యో కాలో అయి, అదిమినా ఆగకపోతే గాయానికి పైన గట్టిగా కట్టు బిగించి, 108కి ఫోన్ చేయండి. రోడ్డు ప్రమాదానికి కూడా ఇదే పద్ధతి, కాబట్టి నేర్చుకుంటే వృథా పోదు.

సినిమాల్లో చూపించేది అంతా అబద్ధమేనా?

పగబట్టి వెంటాడటం అబద్ధం. 1975లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాతో ఈ భయం లోకమంతా పాకింది. దానికి మూలమైన నవల రాసిన ఆయనే తర్వాత సొరల్ని కాపాడాలని ఊరూరా చెప్పుకుంటూ తిరిగాడు. అయితే 1916 జులైలో అమెరికా న్యూజెర్సీ తీరంలో పన్నెండు రోజుల్లోనే నలుగురు సొర కాట్లకు చనిపోయిన మాట మాత్రం చరిత్ర.

బస్సంత సొర విశాఖలో పడిందని వార్త చూసినాం. అది మింగితే?

అది తిమింగల సొర. ప్రపంచంలోకెల్లా పెద్ద చేప, 12 మీటర్లు దాటి పెరగగలదు. నీళ్ళను వడగట్టుకుని సన్నటి జీవుల్నీ, చిన్న చేపల్నీ తింటుంది. మనిషిని మింగదు. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో వలలో చిక్కితే అటవీ శాఖ వాళ్ళు, మత్స్యకారులు కలిసి మళ్ళీ సముద్రంలోకి పంపారు. 2001 నుంచి దానికి మన వన్యప్రాణి చట్టంలో పులితో సమానమైన రక్షణ ఉంది.

బాలింతలకు సొర కూర పెడితే పాలు పడతాయంటారు. తినొచ్చా?

కోస్తాలో తరతరాలుగా పెడుతున్నారు, సొర పుట్టు రుచిగానే ఉంటుంది. కానీ పెద్ద సొరలు ఏళ్ళ తరబడి చిన్న చేపల్ని తిని తిని ఒంట్లో పాదరసం పోగేసుకుంటాయి. అది కడుపులో బిడ్డకూ, పాలు తాగే బిడ్డకూ మెదడు ఎదుగుదలకు చేటు. అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ గర్భిణులు, బాలింతలు, చిన్న పిల్లలు తినకూడని చేపల జాబితాలో సొరను పెట్టింది. నన్నడిగితే సొర వల్ల మన ఇంటికి వచ్చే ప్రమాదమేదైనా ఉంటే అది కంచంలోంచే. బాలింతకు చేప పెట్టాలనుకుంటే రాగండో, శీలావతో పెట్టండి.

సొరకు క్యాన్సర్ రాదు, దాని ఎముక మాత్రలు వాడమని ఒకాయన చెప్పినాడు...

సొరకు ఎముకలే ఉండవు, ఉన్నది మృదులాస్థి. క్యాన్సర్ రాదన్నదీ అబద్ధం, సొరల్లో కణుతుల్ని శాస్త్రవేత్తలు చూశారు. ఆ మృదులాస్థి మందును క్యాన్సర్ రోగులకు ఇచ్చి పరీక్షిస్తే ప్రయోజనం కనపడలేదు. ఆ డబ్బులతో మంచి డాక్టరు దగ్గరికి పోండి.

అంత భయమెందుకు, అన్నిట్నీ పట్టేస్తే పీడ పోతాది కదా?

ఆ పని ఇప్పటికే జరుగుతోంది. మనుషులు ఏటా చంపే సొరల సంఖ్య 2012లో సుమారు 7 కోట్ల 60 లక్షలుంటే 2019కి 8 కోట్లు దాటిందని ఒక అంచనా. మామూలు చేపలు లక్షల్లో గుడ్లు పెడతాయి, సొరలు అలా కాదు. ఆడ తెల్ల సొర పిల్లల్ని కనే వయసుకు రావడానికే సుమారు ముప్పై ఏళ్ళు పడుతుంది. పట్టేవాళ్ళ వేగానికి, అవి కనే వేగానికి పొంతనే లేదు. రెక్కల సూప్ కోసం రెక్కలు కోసుకుని మిగతా ఒళ్ళు సముద్రంలో పారేసే అలవాటును ఆపడానికి మన ప్రభుత్వం 2013లో రెక్కలతో సహా పూర్తి చేపనే ఒడ్డుకు తేవాలని నియమం పెట్టింది, 2015లో రెక్కల ఎగుమతిని నిషేధించింది. పీడ ఎవరికి ఎవరన్నది ఈ అంకెలు చూసి మీరే అనుకోండి.

ఆఖరి ప్రశ్న. రేవులో చచ్చిన సొర కనపడితే ముట్టుకోవచ్చా? పిల్లలు ఫోటో దిగుతామంటాండారు.

అమ్మేవాళ్ళను అడిగి ముట్టుకోండి, వీపు మీద రెండు వైపులా చెయ్యి రాసి చూడమనండి. నోట్లో మాత్రం వేలు పెట్టొద్దు. చచ్చినా పళ్ళు పళ్ళే. పైగా అప్పుడే పడవ దిగింది నిజంగా చచ్చిందో లేదో మీకు తెలియదు. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోకుండా పులిహోర పొట్లం విప్పొద్దు.